"అకౌంట్స్ చూసేదాన్ని" అంటే ఏం చేసేవారండీ? – ఒక అకౌంటెంట్ ఉద్యోగ వేట, మొదటి నుంచి చివరిదాకా

2024 జూలైలో ఒక ఆదివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చారు. తెలిసినవాళ్లు పంపితే వచ్చారు. ఆవిడకి ముప్పై ఆరేళ్లు, బీకాం చదివారు, విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో దాదాపు తొమ్మిదేళ్లు అకౌంట్స్‌లో పనిచేశారు. ఆయనకి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది, దాంతో ఏప్రిల్ ఆఖర్లో ఆవిడ ఉద్యోగం మానేసి పిల్లల్ని తీసుకుని వచ్చేశారు. అప్పటి నుంచి నలభైకి పైగా ఉద్యోగాలకి అప్లై చేశారట, ఒక్క చోట నుంచి కూడా ఫోన్ రాలేదు. "మీరు అక్కడ ఏం పని చేసేవారండీ?" అని ఆవిడని అడిగితే జవాబు ఆయన చెప్పారు: "ట్యాలీలో ఎంట్రీలు వేసేదండీ, జీఎస్‌టీ అవీ చూసేది." ట్యాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. ఆవిడ అవునన్నట్టు తలూపారు.

నేను పదహారేళ్లు రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను, ఎక్కువగా అకౌంట్స్, స్టోర్స్, బ్యాక్ ఆఫీసు ఉద్యోగాలకి మనుషుల్ని వెతికే పని. గత ఐదేళ్లుగా ఉద్యోగం వెతుక్కునేవాళ్ల పక్కన కూర్చుని పనిచేస్తున్నాను. ఈ కేసు ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా. పేర్లు రాయడం లేదు, సంస్థల్ని గుర్తుపట్టించే వివరాలు తీసేశాను. ఇది మొత్తంగా రాయాలనుకోవడానికి కారణం ఏంటంటే ఇందులో మొదటిసారి నేను పొరపాటు చేశాను, ఆ పొరపాటే ఇవాళ చాలామంది రెజ్యూమేల్లో కనిపిస్తోంది.

ఆవిడ తెచ్చిన రెజ్యూమే రెండు పేజీలు. పైన ఫోటో, కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, అభిరుచుల్లో "పాటలు వినడం", చివర "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న డిక్లరేషన్, ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో ఇచ్చిన నమూనాలో నింపింది. తొమ్మిదేళ్ల పని గురించి ఉన్నవి మూడే మూడు లైన్లు, ఇంగ్లీషులో. "లుకింగ్ ఆఫ్టర్ జీఎస్‌టీ అండ్ ట్యాలీ వర్క్", "లుకింగ్ ఆఫ్టర్ బిల్లింగ్ అండ్ కలెక్షన్", "ఆల్ అకౌంట్స్ రిలేటెడ్ వర్క్స్". నైపుణ్యాలు అన్న చోట ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్, కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం.

ఈ "లుకింగ్ ఆఫ్టర్" మన "చూసుకోవడం" నుంచి వచ్చిందే. మన భాషలో చూడటం అంటే అన్నీ వచ్చేస్తాయి. పిల్లల్ని చూస్తాం, పొలం చూస్తాం, పెళ్లిలో వంటల దగ్గర ఎవరో ఒకరు చూసుకుంటారు, ఆఫీసులో జీఎస్‌టీ చూస్తాం. వినేవాళ్లకి ఆ మనిషి తెలిసినంతకాలం ఆ మాట సరిపోతుంది, ఎందుకంటే ఆ చూడటంలో ఏమేం ఉన్నాయో వాళ్లకి ముందే తెలుసు. మనిషి ముక్కూమొహం తెలియనివాడు కాగితం చదివేటప్పుడు మాత్రం ఆ మాటలో ఏమీ మిగలదు. బిల్లులు ఫైల్లో పెట్టినవాళ్లూ జీఎస్‌టీ చూసినవాళ్లే, రిటర్నులు వేసినవాళ్లూ జీఎస్‌టీ చూసినవాళ్లే.

ఇప్పుడు నా పొరపాటు. మొదటి రోజు ఆవిడతో గంటన్నర మాట్లాడి, అలవాటైన చేత్తో రెజ్యూమే తిరగరాసి ఇచ్చేశాను. రిక్రూటర్లు నౌకరీ లాంటి సైట్లలో ఏ మాటలు కొట్టి వెతుకుతారో నాకు తెలుసు కాబట్టి ఆ మాటలన్నీ పెట్టాను, అందులో ఒకటి "ఎండ్ టు ఎండ్ జీఎస్‌టీ కంప్లయన్స్", అంటే జీఎస్‌టీ పని మొదటి నుంచి చివరిదాకా అని. పది రోజుల్లో రెండు ఫోన్లు వచ్చాయి, ఆవిడ సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను. బాలానగర్ వైపు ఒక సంస్థలో ఇంటర్వ్యూ. అక్కడి ఫైనాన్స్ మేనేజర్ ఆ లైను మీద వేలు పెట్టి "అయితే 9సీ కూడా మీరే చేసేవారా?" అని అడిగారట. జీఎస్‌టీఆర్-9 అంటే ఏడాది మొత్తానికి వేసే రిటర్ను, టర్నోవర్ రెండు కోట్లు దాటినవాళ్లకి తప్పనిసరి. ఐదు కోట్లు దాటితే దానితోపాటు ఆడిటైన లెక్కలకీ రిటర్నులకీ పొంతన చూపించే 9సీ కూడా పెట్టాలి. ఈవిడ పాత సంస్థ టర్నోవర్ పన్నెండు కోట్ల పైమాటే, కానీ ఆ రెండూ ఆడిటర్ గారి ఆఫీసులో చేసేవారు. ఆవిడ ఏం చెప్పాలో తెలియక ఆగిపోయారు. ఆ తర్వాత ఆయన ఏం అడిగినా, తెలిసినవి కూడా, సరిగ్గా చెప్పలేకపోయారు.

ఆ సాయంత్రం ఫోన్‌లో ఆవిడ అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మేడమ్, ఆ కాగితం మీద ఉన్న మనిషి నేను కాదనిపించింది."

ఆ ఒక్క లైను వల్ల ఆవిడకి తెలిసిన తొమ్మిదేళ్ల పని అబద్ధమైపోయినంత పనైంది, ఆ బాధ్యత నాదే. ఆవిడ పనికన్నా పెద్ద మాట రాశాను. పాత రెజ్యూమేలో పని కనిపించలేదు, నేను రాసినదాంట్లో మనిషే కనిపించలేదు.

రెండోసారి కూర్చున్నప్పుడు రెజ్యూమే ముట్టుకోలేదు. వాళ్లాయన్ని రావద్దని సున్నితంగా చెప్పాను, ఆయన మంచివాడే, కానీ ఆవిడ నోరు తెరవకముందే ఆయన చెప్పేస్తారు. ఆవిడని ఒకే ప్రశ్న అడిగాను: "నెలలో మీకు బాగా టెన్షన్‌గా ఉండే రోజు ఏది?"

"పధ్నాలుగో తేదీ" అన్నారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఎందుకు పధ్నాలుగు? తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మనకి సరుకు అమ్మినవాళ్లు తమ అమ్మకాల వివరాలు, అంటే జీఎస్‌టీఆర్-1, నెల వారీగా వేసేవాళ్లయితే పదకొండో తేదీలోపు వెయ్యాలి. వాళ్లు వేసినదాన్ని బట్టి మనకి ఎంత ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) వస్తుందో చెప్పే జీఎస్‌టీఆర్-2బి పధ్నాలుగున పోర్టల్‌లో తయారవుతుంది. ఇరవైలోపు మనం 3బి అనే నెలవారీ రిటర్ను వేసి పన్ను కట్టాలి. 2022 జనవరి నుంచి రూలు బిగిసింది, 2బిలో కనిపించని బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి లేదు, మన దగ్గర బిల్లు ఉన్నా సరే, డబ్బు కట్టేసినా సరే. కాబట్టి పధ్నాలుగు నుంచి ఇరవై దాకా ఉన్న ఆ ఐదారు రోజుల్లో ఎవరు వెయ్యలేదో పట్టుకోవాలి, పట్టుకుని వచ్చే నెల 2బిలోకైనా వచ్చేలా వేయించాలి.

"సరే, పధ్నాలుగున పొద్దున ఆఫీసుకి వెళ్లారు, బ్యాగ్ పెట్టారు, తర్వాత?" అన్నాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోవచ్చా అని అడిగి పెట్టుకున్నాను. నలభై నిమిషాలు చెప్పారు ఆవిడ. ఆ నలభై నిమిషాల్లో ఎక్కడా తడబడలేదు. ఆ మాటల్ని కొంచెం దగ్గర చేసి ఇక్కడ పెడుతున్నా:

"2బి ఎక్సెల్ డౌన్‌లోడ్ చేస్తానండీ. మన పర్చేజ్ రిజిస్టర్ ట్యాలీ నుంచి ఎక్సెల్‌లోకి తీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి వీలుకప్ (రెండు జాబితాల్ని కలిపి చూసే ఎక్సెల్ ఫార్ములా) కొడితే సగం కలవవు. ఎందుకంటే కంపెనీ వాళ్లు బిల్లు నంబర్ ముందు ఏడాది, డిపో కోడు అన్నీ వేస్తారు, మా కుర్రాళ్లు ఎంట్రీ చేసేటప్పుడు చివరి నాలుగంకెలే కొడతారు, ముందు సున్నా ఉంటే అదీ ఎగిరిపోతుంది. అందుకని నేను ఇంకో కాలమ్ పెట్టుకున్నా, జీఎస్‌టీ నంబరూ, బిల్లు నంబర్లో చివరి నాలుగంకెలూ, పన్ను మొత్తమూ కలిపి ఒకటే ముక్కగా. దాంతో కొడితే ఓ ఇరవై ముప్పై తప్ప అన్నీ కలిసిపోతాయి. ఆ ఇరవై ముప్పై చేత్తో చూస్తాను. అప్పటికీ కలవనివి ఉన్నాయంటే అవతలివాళ్లు వెయ్యలేదన్నమాట. వాళ్ల అకౌంటెంట్‌కి ఫోన్ చేస్తాను. రెండు నెలలుగా వెయ్యనివాళ్లుంటే లిస్టు రాసి సార్‌కి ఇచ్చి, వాళ్ల పేమెంట్‌లో పన్ను వరకూ ఆపమని చెబుతాను."

"ఆ కాలమ్ ఎవరు నేర్పారండీ?"

"ఎవరూ నేర్పలేదండీ. కలవట్లేదు కదా అని నేనే పెట్టుకున్నా. అదేముందిలెండి, చిన్నదే."

అదేముందిలెండి. ఈ పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, దాదాపు ప్రతిసారీ ఆ మాట ఎక్కడ వస్తుందో అక్కడే ఆ మనిషి అసలు పనితనం ఉంటుంది. రోజూ చేసేది మనకి పనిలా కనిపించదు. ఇడ్లీ పిండి ఎంత పులిస్తే చాలో అమ్మకి తెలుసు, దాన్ని విద్య అని అమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

అలా ఇంకో రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఈసారి ఎక్స్‌పైరీ సరుకు గురించి. మందుల వ్యాపారంలో ఇది పెద్ద తలనొప్పి. మెడికల్ షాపుల నుంచి తేదీ దాటిన స్ట్రిప్పులు హోల్‌సేలర్ దగ్గరికి తిరిగొస్తాయి, హోల్‌సేలర్ వాటిని బ్యాచ్ నంబర్ల ప్రకారం కట్టి కంపెనీ డిపోకి, అంటే సి అండ్ ఎఫ్ ఏజెంట్‌కి పంపుతాడు, అక్కడి నుంచి క్రెడిట్ నోట్, అంటే తిరిగి పంపిన సరుకు విలువని మన ఖాతాలో తగ్గించినట్టు ఇచ్చే కాగితం, రావాలి. పన్ను తగ్గించుకునేలా క్రెడిట్ నోట్ ఇవ్వాలంటే, అసలు బిల్లు ఏ ఆర్థిక సంవత్సరంలో ఉందో ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30తో దానికి గడువు అయిపోతుంది. మందు తేదీ దాటడానికే రెండేళ్లు పట్టొచ్చు కాబట్టి చాలా వాటికి ఆ గడువు ముందే పోతుంది, అప్పుడు దారి వేరు, లెక్క వేరు. ఈవిడ చేరిన కొత్తలో ఈ క్లెయిములకి రిజిస్టరే లేదు. అట్టపెట్టెలు డిపోకి వెళ్లేవి, క్రెడిట్ నోట్ వస్తే వచ్చినట్టు, రాకపోతే ఎవరికీ గుర్తుండేది కాదు. ఈవిడ ఒక ఎక్సెల్ షీట్ మొదలుపెట్టారు, కంపెనీ, పంపిన తేదీ, లారీ రసీదు నంబర్, క్లెయిము మొత్తం, వచ్చిన క్రెడిట్ నోట్, ఎన్ని రోజులైంది. ప్రతి నెలా మొదటి వారంలో డిపోలకి ఫోన్లు. మొదటి ఏడాదిలోనే పాత బాకీల్లో రూ. 6 లక్షలకి పైగా వసూలైంది.

ఆ అంకె ఆవిడకి ఎలా గుర్తుందని అడిగాను. ఆ ఏడాది దసరాకి ఓనర్ గారు ఆవిడకి ఒక నెల జీతం అదనంగా ఇచ్చారట, ఎందుకు ఇస్తున్నారో చెప్పి మరీ ఇచ్చారట. రెజ్యూమేలో మాత్రం ఆ ముక్క లేదు.

అంకెల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. "పనితీరు 40 శాతం పెంచాను" లాంటి లైన్లు ఈమధ్య ప్రతి రెజ్యూమేలోనూ కనిపిస్తున్నాయి, అడిగితే నలభై ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్లకే తెలియదు. నేను పెట్టుకున్న నియమం ఏంటంటే, అవతలివాళ్లు "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగితే రెండు వాక్యాల్లో చెప్పగలిగితేనే అది కాగితం మీదకి రావాలి. ఆ ఆరు లక్షలకి కథ ఉంది, షీట్ ఉంది, దసరా ఉంది, కాబట్టి అది వచ్చింది. 2బి సరిపోల్చడంలో ఎంత టైమ్ మిగిలిందని అడిగితే "ముందు మూడు రోజులు పట్టేది, తర్వాత ఒక పూట" అన్నారు, అదీ వచ్చింది. కలెక్షన్లు ఎంత పెరిగాయంటే తెలియదన్నారు, వదిలేశాం.

కొత్త రెజ్యూమే ఒకటే పేజీ. ఇంగ్లీషులోనే రాశాం, ఇక్కడ దాని అర్థం తెలుగులో చెబుతున్నా. పైన రెండు లైన్ల పరిచయం: మందుల పంపిణీ రంగంలో తొమ్మిదేళ్ల అకౌంట్స్ అనుభవం, నెలవారీ జీఎస్‌టీ రిటర్నులు, కొనుగోళ్ల సరిపోల్చడం, ఎక్స్‌పైరీ క్లెయిముల వసూలు. కింద పని వివరాలు. "లుకింగ్ ఆఫ్టర్" ఉన్న ప్రతి చోటా అసలు క్రియ పెట్టాం. నెలకి సుమారు 400 కొనుగోలు బిల్లుల్ని 2బితో సరిపోల్చి 3బికి క్రెడిట్ లెక్క తయారుచేశాను. జీఎస్‌టీఆర్-1, 3బి పోర్టల్‌లో నేనే ఎక్కించాను, చలానా ఓనర్ గారు ఆమోదించేవారు. 2022 అక్టోబర్‌లో పది కోట్లు దాటిన సంస్థలకి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి అయినప్పుడు ట్యాలీలో దాన్ని సెట్ చేయించి ముగ్గురు బిల్లింగ్ కుర్రాళ్లకి నేర్పాను. యాభై వేలు దాటిన సరుకు రవాణాకి కావలసిన ఈ-వే బిల్లులు తీశాను. వార్షిక రిటర్నులకి కావలసిన లెక్కలు ఆడిటర్‌కి సిద్ధం చేసి ఇచ్చాను.

ఈ చివరి లైను చూడండి. మొదటి ఇంటర్వ్యూలో ఆవిడ్ని ముంచింది ఈ విషయమే. ఇప్పుడు అది ఎంతవరకూ ఆవిడదో అంతవరకే ఉంది. దీన్ని రాయడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు, "చెయ్యలేదని మనమే చెప్పుకున్నట్టు ఉంటుంది కదా మేడమ్" అన్నారు. ఎక్కడిదాకా మన పనో అక్కడ గీత గీసి చెప్పేవాళ్లని అకౌంట్స్‌లో పెద్దవాళ్లు నమ్ముతారు, ఎందుకంటే రేపు లెక్కల్లో కూడా ఆ మనిషి అలాగే ఉంటారని వాళ్లకి తెలుసు. ఇది పదహారేళ్లు ఇంటర్వ్యూ గదుల బయట కూర్చుని ఫైనాన్స్ మేనేజర్ల నోట విన్నాక చెబుతున్న మాట.

ఫోటో, మతం, తండ్రి పేరు, ప్రమాణం అన్నీ తీసేశాం. కష్టపడే తత్వం కూడా తీసేశాం, పధ్నాలుగో తేదీ గురించి చదివినవాళ్లకి అది వేరే చెప్పక్కర్లేదు.

నౌకరీ ప్రొఫైల్ తెరిచి చూస్తే నాకు గుండె జారింది. అందులో ఆవిడ ప్రస్తుతం ఉన్న ఊరు ఇంకా విజయవాడ అనే ఉంది. ఉద్యోగం కావాల్సిన ఊరు అన్న గడి ఖాళీ. నోటీస్ పీరియడ్ రెండు నెలలు అని ఉంది, పాత ఉద్యోగంలో ఉన్నప్పుడు నింపింది, మానేశాక మార్చలేదు. రిక్రూటర్ కూర్చుని వెతికేటప్పుడు మొదట చేసే పని హైదరాబాద్ అని ఎంచుకోవడం, తర్వాత పదిహేను రోజుల్లో చేరగలిగేవాళ్లు అని ఎంచుకోవడం. నేనే వేల సార్లు అలా చేసుంటాను. ఆ రెండు నొక్కులతోనే ఈవిడ జాబితాలోంచి మాయమైపోయారు, మూడు నెలలుగా. పనితనాన్ని ఎంత బాగా రాసినా అది ఎవరి కంటా పడని చోట ఉంటే లాభం లేదు. అవన్నీ సరిచేశాం, "అకౌంటెంట్" ఒక్కటే కాకుండా "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్", "జీఎస్‌టీ ఎగ్జిక్యూటివ్" అన్న మాటలు కూడా పెట్టాం, ఎందుకంటే ఒకే పనిని ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పిలుస్తుంది.

ఈ మధ్యలోనే ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి ఉద్యోగం ఖాయం, ముందు 5,000 రిజిస్ట్రేషన్ కట్టమన్నారు. ఆవిడ కట్టడానికి సిద్ధపడ్డారు, నేను ఆపాను. మనిషిని చూసిపెట్టినందుకు కన్సల్టెన్సీకి డబ్బిచ్చేది సంస్థ. అభ్యర్థి దగ్గర ముందే అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

తర్వాత రుజువు సంగతి. 2బి సరిపోల్చే షీటు ఇంటర్వ్యూకి తీసుకెళ్తే బాగుంటుందన్నాను. ఆవిడ వెంటనే పెన్‌డ్రైవ్ తీశారు, పాత ఆఫీసు ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి, నిజమైన సప్లయర్ల పేర్లు, జీఎస్‌టీ నంబర్లు, కొనుగోలు ధరలతో సహా. అది చూపించకూడదని గట్టిగా చెప్పాను. పాత సంస్థ ధరలు తెచ్చి మా ముందు పరిచిన మనిషి రేపు మావి ఇంకెక్కడ పరుస్తారో అని ఎదుటివాళ్లకి అనిపించడం ఒక ఎత్తు, అసలు అవి మనవి కావు, అది ఇంకో ఎత్తు. ఆ రాత్రి ఆవిడ కల్పించిన పేర్లతో, కల్పించిన అంకెలతో అరవై బిల్లుల చిన్న షీటు తయారుచేశారు. కావాలని అందులో ఏడు తప్పులు పెట్టారు, సున్నా ఎగిరిపోయిన నంబర్, రెండుసార్లు ఎంట్రీ అయిన బిల్లు, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకు మీద పడే ఐజీఎస్‌టీ బదులు సొంత రాష్ట్రం సరుకు మీద పడే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీలో పడ్డది, ఇలా. ఆ ఏడు తప్పుల ఎంపిక చూసి నేను కాసేపు ఆ షీటు ముందే కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్లు ఆ పని చేసినవాళ్లకి తప్ప ఆ తప్పులు ఎవరికీ తోచవు.

మాట్లాడటం దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. ఆవిడ ప్రతి వాక్యం "మేము" తోనో "సార్" తోనో మొదలయ్యేది. "మేము రిటర్నులు వేసేవాళ్లం", "సార్ క్లెయిములు వసూలు చేయించారు". మన దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్లకి, నేను చేశాను అనడం గొప్పలు చెప్పుకోవడంలా అనిపిస్తుంది, అది పెంపకంలో వచ్చింది, దాన్ని నేను తప్పు పట్టను. అందుకని నేను అని గొప్పగా చెప్పమని అడగలేదు. ఒక మార్పు మాత్రమే అడిగాను: ఆ గదిలో కీబోర్డు మీద ఎవరి చేతులున్నాయో వాళ్ల పేరు చెప్పండి. కీబోర్డు మీద ఆవిడ చేతులుంటే "నేను", ఓనర్ గారు సంతకం పెడితే "సార్", ముగ్గురు కలిసి స్టాకు లెక్కపెడితే "మేము". ఇలా అయితే గొప్పలూ ఉండవు, అబద్ధమూ ఉండదు. మూడు సాయంత్రాలు ఇదే సాధన, మొదట తెలుగులో. ఇంగ్లీషు అంటే ఆవిడకి భయం. కానీ తెలుగులో విషయం గడగడా వచ్చేశాక ఇంగ్లీషులో చెప్పాల్సిన వాక్యాలు ఓ పదిహేనే తేలాయి, మిగతాదంతా రీకన్సిలేషన్ (సరిపోల్చడం), క్రెడిట్ నోట్, పెండింగ్ లాంటి రోజూ వాడే మాటలే.

ఉద్యోగం వచ్చిన దారి మాత్రం నేను అనుకున్నది కాదు. ప్రొఫైల్ సరిచేశాక నౌకరీ నుంచి ఫోన్లు వచ్చాయి, ఒక చోట నెలకి 30,000కి ఆఫర్ కూడా వచ్చింది. ఈలోపు నేను అడిగాను, "హైదరాబాద్‌లో మీ పని తెలిసినవాళ్లు ఎవరూ లేరా?" అని. లేరన్నారు. "మరి ప్రతి నెలా ఎక్స్‌పైరీ క్లెయిములకి ఎవరికి ఫోన్ చేసేవారు?" అంటే అప్పుడు వెలిగింది. డిపోల్లో కొన్ని హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వాటిలో ఒక సి అండ్ ఎఫ్‌లో అకౌంట్స్ చూసే పెద్దాయనతో ఐదేళ్లు ఫోన్‌లో పోట్లాడారు ఈవిడ, మొహం ఎప్పుడూ చూడలేదు. ఆయనకి వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఇది, ఆవిడ రాసిందే, నేను ఒక లైను తగ్గించానంతే:

"సార్ నమస్తే. విజయవాడ నుంచి ప్రతి నెలా ఎక్స్‌పైరీ క్లెయిముల గురించి ఫోన్ చేసేదాన్ని, గుర్తుండే ఉంటాను. ఏప్రిల్‌లో అక్కడ మానేసి ఫ్యామిలీతో హైదరాబాద్ వచ్చాను. జీఎస్‌టీ రిటర్నులు, 2బి రీకన్సిలేషన్, క్లెయిముల పని బాగా తెలుసు. మీ దగ్గర గానీ మీకు తెలిసిన చోట గానీ అకౌంట్స్‌లో అవసరం ఉంటే చెప్పండి సార్. ఒక పేజీ రెజ్యూమే పంపుతున్నాను."

అరగంటలో ఆయనే ఫోన్ చేశారట. "అమ్మా, నీ ఫోన్ అంటే మా వాళ్లంతా భయపడేవాళ్లు, క్లెయిము తేలేదాకా వదిలేదానివి కాదు కదా" అన్నారట. వాళ్ల దగ్గర ఖాళీ లేదు, కానీ ఆయన మందుల పంపిణీలోనే ఉన్న ఇంకో సంస్థకి చెప్పారు. నేను ఇన్నేళ్లు రిక్రూట్‌మెంట్‌లో ఉండి కూడా ఈ వైపు ఆలోచించడం ఆలస్యమైంది. మన పని నాణ్యత పక్క సీటువాళ్లకన్నా ఫోన్‌లో అవతలి వైపున్నవాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

ఇంటర్వ్యూ 2024 అక్టోబర్ చివరి వారంలో. నాలుగు నెలలుగా... కాదు, అప్పటికి ఆరు నెలలు ఖాళీ. దాని గురించి అడిగితే ఒకే వాక్యం చెప్పమన్నాను, అదే చెప్పారు: "ఊరు మారాం, పిల్లల స్కూళ్లు కుదిరేదాకా ఆగాను, ఇప్పుడు కుదిరాయి." ఎదుటివాళ్లు ఇంక కదపలేదు. తర్వాత ల్యాప్‌టాప్ ఇచ్చి రెండు ఎక్సెల్ షీట్లు తెరిచి సరిపోల్చమన్నారు. ఆవిడ మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడిగారట, "బిల్లు నంబర్ మీవాళ్లు పూర్తిగా కొడతారా సార్, చివరి అంకెలే కొడతారా?" అని. మేనేజర్ పక్కనున్న మనిషి వైపు చూసి నవ్వారట. అప్పటికే సగం అయిపోయిందని నేననుకుంటాను, షీటు పూర్తి చేయడానికి ఆవిడకి ఇంకో ఇరవై నిమిషాలు పట్టినా.

ఒక గట్టి ప్రశ్న వచ్చింది. ఆ నెలలోనే జీఎస్‌టీ పోర్టల్‌లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కొత్తగా వచ్చింది, సప్లయర్లు ఎక్కించిన బిల్లుల్ని మనం ఒప్పుకోవచ్చు, తిప్పికొట్టవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. దాని గురించి అడిగారు. "చదివాను సార్, చేతితో చెయ్యలేదు, నేను మానేశాక వచ్చింది. నాకు అర్థమైనంతవరకూ దీంతో పధ్నాలుగో తేదీ పని ముందుకి జరుగుతుంది" అన్నారు. జూలైలో 9సీ ప్రశ్న దగ్గర ఆగిపోయిన మనిషి ఈవిడే.

జీతం విజయవాడలో 24,000 ఉండేది. ఇక్కడ 38 అడిగారు, చేతిలో ఇంకో ఆఫర్ ఉందని దాచకుండా చెప్పారు, 35,000కి కుదిరింది. నేనైతే ఇంకో వెయ్యో రెండువేలో లాగమనేదాన్ని, ఆవిడకి మాత్రం ఆఫీసు ఇంటికి ఇరవై నిమిషాల దూరం కావడం ముఖ్యమైంది. నవంబర్‌లో చేరారు.

నేను మళ్లీ ఈ కేసు చేస్తే ఏం మారుస్తానంటే, మొదటి రోజే కాగితం పక్కన పెట్టి పధ్నాలుగో తేదీ గురించి అడుగుతాను. ఆవిడ ఆ బాలానగర్ ఇంటర్వ్యూ తర్వాత వారం రోజులు ఎవరికీ అప్లై చేయలేదని, ఇంక ఇంట్లోనే ఉండిపోదామనుకున్నారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ వారం నా వల్ల పోయింది.

2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి తగ్గినప్పుడు ఆవిడ నాలుగు రోజులు రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులోనే ఉన్నారట, గోడౌన్‌లో ఉన్న పాత రేటు స్టాకు, మారాల్సిన బిల్లింగ్ రేట్లు, షాపుల నుంచి వచ్చే ఫోన్లు. ఆ తర్వాతి జనవరిలో నాకు మెసేజ్ పెట్టారు, రెజ్యూమేలో ఇది చేర్చుకోవచ్చా అని, ఇప్పుడు ఉద్యోగం మారే ఆలోచన లేదట, మర్చిపోకుండా రాసిపెట్టుకుంటున్నారట: "ఈ ఏడాది జీఎస్‌టీఆర్-9 నేనే తయారుచేశాను. 9సీ ఆడిటర్ గారి పక్కన కూర్చుని చేశాను, టర్నోవర్ పొంతన వరకూ నాది, మిగతాది ఆయనది."